‘బుజ్జిపాప మనకొద్దమ్మా’ అంటున్నాడు

ప్రశ్న: అక్కా, నాకిప్పుడు ఎనిమిదో నెల. బాబుకి మూడేళ్ల నాలుగు నెలలు. కడుపులో బుజ్జిపాప ఉందని చెప్పిన రోజు నుంచీ ‘మనకొద్దమ్మా’ అంటున్నాడు. ఇంటికి వచ్చినవాళ్లంతా ‘ఇక మీ అమ్మ నిన్ను చూడదురా, నీ పని అయిపోయింది’ అని ఆటపట్టిస్తున్నారు. వాళ్లు వెళ్లాక నా చెయ్యి వదలడు. నెల రోజులుగా రాత్రిపూట పక్క తడుపుతున్నాడు. ఎత్తుకోమని ఒకటే ఏడుపు. డెలివరీ టైమ్‌కి ఒక నెల పాటు వాణ్ని మా ఆడపడుచు ఇంటికి పంపిద్దామని అత్తగారు అంటున్నారు. మావారేమో ‘అన్నీ అవే సర్దుకుంటాయి’ అంటారు. నాకు మాత్రం వాడి ముఖం చూస్తే ఏడుపొస్తోంది. వాడికి అన్యాయం చేస్తున్నానా? రెండో బిడ్డని వీణ్ని ప్రేమించినంతగా ప్రేమించగలనా?
ఒక తల్లి

జవాబు: చెల్లీ, అన్యాయం చేస్తున్నానా అని అడిగావు. లేదు. కానీ నేను లేదన్నంత మాత్రాన నీ మనసు కుదుటపడదని నాకు తెలుసు. వాడు రోజూ నీ ఎదురుగా నిలబడి వద్దంటుంటే ఎలా కుదుటపడుతుంది? అందుకే ముందు వాడి సంగతి మాట్లాడుకుందాం. నీ సంగతికి తర్వాత వస్తాను.

మా పెద్దమ్మాయికి నాలుగేళ్లప్పుడు నాకు రెండో కాన్పు అయింది. మూడో రోజున దాన్ని ఆసుపత్రికి తీసుకొచ్చారు. కుడి చెప్పు ఎడమ కాలికి, ఎడమ చెప్పు కుడి కాలికి వేసుకుని గుమ్మంలో నిలబడింది. ‘రామ్మా, చెల్లిని చూద్దువు గాని’ అని నేను పిలుస్తూనే ఉన్నాను. అది ఉయ్యాల వైపు తిరగనే లేదు. సెలైన్ సూది తీసేసిన చోట నా చేతి మీద అంటించిన ప్లాస్టర్‌నే చూస్తోంది. మెల్లగా వచ్చి దాని అంచు మీద వేలు పెట్టి ‘నొప్పా అమ్మా?’ అని అడిగింది. అప్పుడు తెలిసింది నాకు, మూడు రోజులుగా ఆ పిల్ల దేని గురించి బెంగపడిందో. చెల్లి వస్తుందని తొమ్మిది నెలలు చెప్పాను. నేను ఎక్కడికి వెళ్తానో, ఎన్ని రోజులుంటానో, నాకేమీ కాదని, తిరిగి వస్తానని మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

మీ బాబు మాటని కూడా అలాగే విను. వాడింకా పాపని చూడలేదు. చూడనిదాని మీద కోపం ఏముంటుంది? వాడికి తెలిసిందల్లా అమ్మ ఈమధ్య ఎత్తుకోవడం లేదు, తొందరగా అలిసిపోతోంది, వచ్చినవాళ్లంతా తనని చూసి నవ్వుతున్నారు, అంతే. ఇవన్నీ కలిపి చూసుకుంటే ఎవరికైనా భయమేస్తుంది. ‘వద్దు’ అన్నప్పుడు ‘తప్పు, అలా అనకూడదు’ అని వాడి నోరు మూయించకు. పక్కన కూర్చోబెట్టుకుని, ‘అమ్మ నీ దగ్గర ఉండదేమోనని భయంగా ఉందా? పాప వచ్చినా నేను నీ అమ్మనే. రోజూ ఒక కథ నీకు నేనే చెప్తాను’ అను. ఆ కథ మూడు నిమిషాల కథైనా సరే, చెప్పి తీరు. నిలబెట్టుకోగలిగినంత చిన్న మాటే ఇవ్వు. ‘ఎప్పుడూ నీతోనే ఉంటాను’ అని మాటిస్తే పాప ఏడ్చిన మొదటి రాత్రే అది తప్పిపోతుంది.

ఆటపట్టించేవాళ్ల విషయంలో నువ్వు మొహమాటపడకు. మూడేళ్ల పిల్లలకి వేళాకోళం అర్థం కాదు. పెద్దవాళ్లు నవ్వుతున్నా ఆ మాట నిజమనే అనుకుంటారు. ఆ మాట అన్నవాళ్ల ముందే బాబుని దగ్గరికి తీసుకుని, ‘అది నిజం కాదు నాన్నా, అమ్మ నిన్ను చూసుకుంటుంది’ అని అందరికీ వినబడేలా చెప్పు. గొడవేమీ అక్కర్లేదు. రెండుసార్లు అలా అంటే మూడోసారికి వాళ్లే మానేస్తారు. మీవారి వైపు చుట్టాలకి మీవారే ఒక మాట చెప్తే ఇంకా మంచిది. అన్నీ సర్దుకుంటాయని ఆయన అన్నది నిజమే, చాలామంది పిల్లలు కొన్ని నెలల్లో కుదురుకుంటారు. కాకపోతే ఆ కుదురుకోవడం వెనక ఎవరో ఒకరు రోజూ కష్టపడతారు. ఆ కష్టంలో సగం ఆయనది కూడా.

బాబుకి పాప గురించి ఏం చెప్పాలి అన్నదే నేను నీకు అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలుచుకున్న విషయం. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో జూడీ డన్, కేరల్ కెండ్రిక్ అనే పరిశోధకులు 40 కుటుంబాలని రెండో బిడ్డ పుట్టకముందు నుంచే గమనిస్తూ వచ్చారు. ఇళ్లకి వెళ్లి కూర్చుని, తల్లులు పెద్దబిడ్డతో ఏం మాట్లాడుతున్నారో చూశారు. 1980ల మొదట్లో వాళ్లు బయటపెట్టిన విషయాల్లో నా మనసుకి బాగా పట్టింది ఒకటుంది. పుట్టిన తొలి వారాల్లో పసిబిడ్డని కూడా ఒక మనిషిగా చూస్తూ ‘ఎందుకేడుస్తోందో? ఆకలేమో? వెలుతురు కళ్లలో పడుతోందేమో? నీకేమనిపిస్తోంది?’ అని పెద్దబిడ్డని అడుగుతూ మాట్లాడిన ఇళ్లలో, ఏడాది దాటాక ఆ పిల్లల మధ్య స్నేహం ఎక్కువగా కనిపించింది. దీనికి డబ్బు అక్కర్లేదు, ప్రత్యేకంగా టైమ్ కూడా అక్కర్లేదు. ఎలాగూ మాట్లాడతాం, ఆ మాటే కాస్త మార్చి మాట్లాడాలి. ‘ష్, పాప లేస్తుంది, అరవకు’ అనే బదులు ‘పాప చెవులకి పెద్ద చప్పుడు కొత్త, ఉలిక్కిపడుతుంది. మనిద్దరం గుసగుసగా మాట్లాడుకుందామా?’ అంటే వాడు నీ వైపు మనిషి అవుతాడు. మొదటి మాటలో వాడు నేరస్థుడు.

ఇది ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఎనిమిదో నెల కదా, బయటి గొంతులు లోపలికి వినబడుతుంటాయి. పుట్టిన బిడ్డలు తల్లి గొంతుని పోల్చుకుని, దాన్నే వినడానికి ఇష్టపడతారని డికాస్పర్, ఫైఫర్ అనే శాస్త్రవేత్తలు 1980లోనే చూపించారు. వాడు రోజూ నీ పక్కన కూర్చుని కేకలు పెట్టేవన్నీ పాపకి అంతో ఇంతో చేరుతున్నట్టే. ‘లోపలున్న పాపకి నీ గొంతు వినిపిస్తోంది, ఏమైనా చెప్తావా?’ అని అడుగు. చెప్పనంటే వదిలెయ్. వాడు ‘రాకు’ అని చెప్పినా కంగారుపడకు. ‘సరే, విన్నదిలే’ అని నవ్వేసి ఊరుకో.

‘నీతో ఆడుకోవడానికి చెల్లి వస్తోంది’ అని మాత్రం చెప్పకు. అందరం చేసే పొరపాటే ఇది. వాడు బంతి పట్టుకుని ఎదురుచూస్తాడు. వచ్చింది మెడ కూడా నిలపలేని ప్రాణి. పుట్టిన బిడ్డ రోజులో 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త స్పష్టంగా చూడగలుగుతుంది, ఆ పైన అంతా మసక. మనల్ని చూసి నవ్వడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, చెయ్యి చాపి వస్తువు అందుకోవడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది. వీటిని వాడికి వాడి భాషలో చెప్పు: ‘ముందు నిద్రపోతుంది, పాలు తాగుతుంది, ఏడుస్తుంది. ఆడుకోవడం ఇంకా చాలా రోజులకి వస్తుంది. నీ ముఖం బాగా దగ్గరగా పెడితేనే కనిపిస్తుంది.’ అరచేతిలో వేలు పెడితే పాప గట్టిగా పట్టుకుంటుందని కూడా చెప్పు. అది పసిపిల్లలకి పుట్టుకతో వచ్చే గుణమే, కావాలని పట్టుకోరు. కానీ వాడి వేలు పట్టుకున్న రోజు వాడి ముఖం చూడు. చెల్లో తమ్ముడో ముందే ఖాయం చేసి ఆశపెట్టొద్దు, ‘బుజ్జిపాప’ అంటే చాలు.

రాత్రి పక్క తడపడం, ఎత్తుకోమనడం, వచ్చీరాని మాటలు మాట్లాడడం, ఇవన్నీ ఈ సమయంలో చాలా ఇళ్లలో కనిపించేవే. తిట్టొద్దు, ‘సిగ్గు లేదూ’ అనొద్దు. పక్క మార్చి, బట్టలు మార్చి, పడుకోబెట్టు. పుట్టబోయే పాపలా ఉంటే అమ్మ దగ్గరకు తీసుకుంటుందా అని వాడు పరీక్షిస్తున్నాడు. తీసుకుంటావని తేలిపోతే మెల్లగా వాడే మానేస్తాడు. అయితే ఒక్కసారి డాక్టర్‌కి కూడా చూపించు. పాస్‌కి వెళ్లేటప్పుడు మంటని ఏడవడం, జ్వరం, మామూలుకన్నా మరీ ఎక్కువ దాహం లాంటివి ఉంటే మాత్రం వెంటనే తీసుకెళ్లు. అన్నిటికీ మనసే కారణం అనుకుని ఒంటి సంగతి వదిలేయకూడదు.

ఎత్తుకోవడం గురించి: నీకు డాక్టర్ బరువులు వద్దని చెప్పి ఉంటే ఆ మాటే వినాలి. చెప్పకపోయినా ఎనిమిదో నెలలో మూడేళ్లవాణ్ని ఎత్తుకుంటే నడుము పట్టేస్తుంది. నిలబడి ఎత్తుకోలేవు గానీ, కూర్చుంటే వాడే నీ ఒళ్లోకి ఎక్కుతాడు. ‘కూర్చున్న ఎత్తుకోవడం’ అని దానికి మేమొక పేరు పెట్టుకున్నాం మా ఇంట్లో. ఎత్తుకోకపోవడానికి కారణం అడిగితే ‘పాప ఉంది కదా’ అని పాప మీద పెట్టకు. ‘అమ్మకి నడుము నొప్పి’ అను. ఆపరేషన్ అయితే ఆరు వారాల పాటు పసిబిడ్డకన్నా బరువైనది ఎత్తొద్దని సాధారణంగా చెప్తారు. అప్పుడూ అంతే. ‘అమ్మ పొట్ట మీద కుట్లున్నాయి, మానాక ఎత్తుకుంటాను’ అంటే చాలు. వాడికి దక్కనివన్నీ పాప వల్లే దక్కడం లేదన్న లెక్క వాడి మనసులో మొదలవకుండా చూసుకో.

ఇప్పుడు అత్తగారి మాట. ఆవిడ నీ మంచికే చెప్పారు. రెండు ప్రాణాలని ఒకేసారి చూసుకోలేక నువ్వు నలిగిపోతావని ఆవిడ బాధ. అయినా నెల రోజులు పంపించొద్దనే నేను అంటాను. పాప రాగానే తనని ఇంట్లోంచి పంపేశారన్నది మూడేళ్లవాడికి అర్థమయ్యే లెక్క. వాడి భయమే నిజమైనట్టు. తిరిగొచ్చేసరికి పాప ఇల్లంతా అలవాటుపడి ఉంటుంది, వీడు చుట్టంలా వస్తాడు. నువ్వు ఆసుపత్రిలో ఉన్న రెండు మూడు రోజులు వాడు వాడి ఇంట్లో, వాడి మంచం మీద, వాడికి అలవాటైన మనిషి దగ్గర ఉండడం మేలు. అత్తగారిని ఇలా అడిగి చూడు: ‘అత్తయ్యా, బాబుని పంపకుండా మీరే నాకు సాయం చేయాలి. పాలిచ్చాక పాపని మీరు తీసుకోండి, ఆ అరగంట నేను బాబుతో ఉంటాను.’ నాన్నమ్మకి పసిబిడ్డని ఒళ్లో పెట్టుకోవడం ఇష్టమే కదా. సాయానికి వచ్చినవాళ్లు సాధారణంగా ‘పెద్దవాణ్ని నేను చూస్తాలే, నువ్వు పాపతో ఉండు’ అంటారు. పాలివ్వడం ఒక్కటీ నువ్వే చేయాలి. స్నానం, డైపర్, జోకొట్టడం వేరేవాళ్లు చేసినా పసిబిడ్డ ఏమీ అనుకోదు. బాబు అనుకుంటాడు.

మీవారు చేయాల్సింది ఇప్పుడే మొదలుకావాలి. బాబుకి స్నానం, పడుకోబెట్టడం నువ్వే చేస్తున్నావని ఉత్తరం చూస్తే అనిపించింది. వాటిలో ఒకటి ఈ వారం నుంచే ఆయన చేతుల్లోకి వెళ్లాలి. మొదటి నాలుగు రోజులు ‘అమ్మే కావాలి’ అని పేచీ పెడతాడు. పెట్టనీ. నువ్వు ఇంట్లో ఉండగానే నాన్నతో పడుకోవడం అలవాటైతే, నువ్వు లేని రాత్రి వాడికి అంత చీకటిగా ఉండదు. పాప పుట్టాక హఠాత్తుగా మార్చితే అమ్మని పాప తీసేసుకుందనుకుంటాడు. మంచం మార్చాలన్నా, గది మార్చాలన్నా ఇదే. ఇప్పుడే మార్చేయండి, లేదంటే పాప పుట్టిన రెండు మూడు నెలల దాకా ఆగండి. స్కూల్లో వేయడం, పాలసీసా మాన్పించడం లాంటి కొత్త పనులేవీ ఆ వారాల్లో పెట్టుకోవద్దు.

ఒక్క పడక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పసిబిడ్డ పక్కన బాబుని పడుకోబెట్టకండి. నిద్రలో వాడి చెయ్యో కాలో మీద పడితే పసిబిడ్డ తప్పించుకోలేదు. పాపకి గట్టి పరుపుతో విడిగా పడక ఉండాలి, మీ గదిలోనే. వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండ్లు, మెత్తటి బొమ్మలు, వదులు దుప్పట్లు అందులో ఉండకూడదు. బాబు ప్రేమతో తన బొమ్మ తెచ్చి ఉయ్యాలలో పెడతాడు. వాణ్ని కోప్పడకుండా దాన్ని ఉయ్యాల బయట, పాపకి కనబడే చోట పెట్టించు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు చెప్పకుండా జారుకోవద్దు. వాడు నిద్రలో ఉండగా నొప్పులు వస్తే నుదుటి మీద చెయ్యేసి ‘అమ్మ ఆసుపత్రికి వెళ్తోంది, పాప పుట్టాక వస్తుంది, నాన్నమ్మ నీ పక్కనే ఉంటుంది’ అని చెవిలో చెప్పి వెళ్లు. లేచాక నాన్నమ్మ అదే మాట మళ్లీ చెప్పాలి. ముందు నుంచీ ఈ కథ వాడికి నాలుగైదు సార్లు చెప్పి ఉంచితే మంచిది: అమ్మ ఎక్కడ ఉంటుంది, ఎవరు స్నానం చేయిస్తారు, ఎవరి పక్కన పడుకుంటావు, ఎన్నిసార్లు నిద్రపోయి లేస్తే అమ్మని చూడొచ్చు. రోజుల లెక్క వాళ్లకి తెలియదు, నిద్రల లెక్క తెలుస్తుంది. వీడియో కాల్ చేస్తే చూసి ఏడవొచ్చు. ఏడ్చాడని మానేయొద్దు.

వాడు మొదటిసారి వచ్చేసరికి పాపని ఉయ్యాలలో పడుకోబెట్టి, నీ చేతులు ఖాళీగా ఉంచుకో. ముందు వాణ్ని దగ్గరికి తీసుకో. పాప సంగతి వాడే అడుగుతాడు. అడగకపోతే ఆ రోజుకి వదిలెయ్. ‘ముద్దు పెట్టు, ఫొటో తీస్తాం’ అని చుట్టూ మూగొద్దు. అసలు తొలి వారాల్లో పసిబిడ్డ ముఖానికి ఎవరి ముద్దులూ వద్దు. బాబుకి జలుబో దగ్గో ఉంటే చేతులు కడిగించి కాళ్లు ముట్టుకోనివ్వండి. చూడ్డానికి వచ్చే పెద్దవాళ్లకి కూడా ఇదే షరతు. వచ్చేవాళ్లకి ఇంకో మాట కూడా ముందే చెప్పి పెట్టండి, గుమ్మంలోకి రాగానే ముందు బాబుని పలకరించమని. పాపకి వాళ్లు పలకరించారో లేదో తెలియదు.

ఇంటికి వచ్చిన రోజు నీకొక వింత అనుభవం ఎదురవుతుంది, అందుకే ముందే చెప్తున్నాను. మూడు రోజులు పసిబిడ్డ వేళ్లు చూసి చూసి ఇంటికొచ్చాను. పెద్దది వచ్చి నా చెంప మీద చెయ్యి వేసింది. ఇంత పెద్ద చెయ్యా అని ఉలిక్కిపడ్డాను. గోళ్లు పెద్దవి, అరచెయ్యి బరువు, గొంతు పెద్దది. నాలుగు రోజుల్లో ఆ పిల్ల నా కళ్లకి పదేళ్లదైపోయింది. ఆ రోజు నుంచే ‘నువ్వు పెద్దదానివి కదా’ అనడం మొదలుపెట్టాను. పెద్దదానివి కదా, ఆగలేవా. పెద్దదానివి కదా, నీకు నువ్వు వేసుకోలేవా. అది నాలుగు రోజుల కిందటి పిల్లే. మారింది నా కళ్లు. చాలా నెలలు పట్టింది నాకు ఆ మాట మానుకోవడానికి. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. బాబు కూడా నీ కళ్లకి అలాగే కనిపిస్తాడు. అప్పుడు వాడి వయసు నోటితో అనుకో: మూడేళ్ల ఆరు నెలలు. అంతే.

పాలిచ్చే సమయాల్లోనే పేచీలన్నీ వస్తాయి. పసిబిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది, ఒక్కోసారి అరగంట పైనే. నువ్వు కదలలేవని వాడికి రెండో రోజుకే తెలిసిపోతుంది. సరిగ్గా అప్పుడే దాహం, అప్పుడే పాస్, అప్పుడే బొమ్మ చక్రం ఊడిపోవడం. నువ్వు కూర్చునే చోట ఒక పెట్టె పెట్టుకో. రెండు పుస్తకాలు, రంగులు, వాడికిష్టమైన నాలుగు వస్తువులు, మంచినీళ్లు. అవి పాలిచ్చేటప్పుడే బయటికి వస్తాయి, మిగతా సమయంలో పైకి వెళ్లిపోతాయి. పాప ఒక పక్క, వాడు ఇంకో పక్క. ఒక చేత్తో పేజీలు తిప్పడం నీకు త్వరలోనే వచ్చేస్తుంది. వాడూ పాలు తాగుతానంటే ఉలిక్కిపడకు. ఒకసారి నోరు పెట్టి చూసి, రుచి నచ్చకో, ఎలా తాగాలో గుర్తు లేకో, వదిలేసే పిల్లలే ఎక్కువ. నీకు ఇబ్బందిగా ఉంటే వద్దని ప్రేమగా చెప్పి గ్లాసులో పాలివ్వు.

నాకు బాగా పనికొచ్చిన చిన్న సంగతి ఒకటి. బాబుకి చొక్కా గుండీలు పెడుతుంటే పాప ఏడ్చిందనుకో. ప్రాణం మీదికొచ్చే ఏడుపు కాదు, మామూలు ఏడుపే. వెంటనే వాణ్ని వదిలేసి పరిగెత్తకు. పాప వైపు తిరిగి ‘ఒక్క నిమిషం ఆగు బుజ్జీ, అన్నయ్యకి గుండీలు పెడుతున్నాను, ఇవి అయ్యాక వస్తా’ అని పైకి అను. పాపకేం అర్థం కాదు. వాడికి అర్థమవుతుంది. రోజంతా ‘ఆగు, పాప పని అయ్యాక’ అని వినేవాడు ఒక్కసారి పాప కూడా తన కోసం ఆగిందని వింటాడు. మా పెద్దది ఆ మాట విన్న రోజున గుండీలు పెట్టడం అయిపోయినా కదలకుండా నిలబడి, ‘ఇప్పుడు దాని దగ్గరికి వెళ్లమ్మా’ అని నాకు తనే అనుమతి ఇచ్చింది.

కొడితే? కొట్టొచ్చు. గట్టిగా వాటేసుకోనూవచ్చు, అదీ ప్రమాదమే. ఇద్దరినీ ఒక గదిలో వదిలేసి నువ్వు పక్క గదికి కూడా వెళ్లకు, ఒక్క నిమిషానికైనా. వాడు ఎంత బుద్ధిమంతుడైనా సరే. చెయ్యి లేపితే ఆ చెయ్యి పట్టుకుని ‘కొట్టనివ్వను. కోపం వచ్చిందా? నా దగ్గరికి రా’ అను. ‘చెడ్డవాడివి’ అనొద్దు. చిన్న చిన్న పనులు చెప్పొచ్చు, డైపర్ తెచ్చివ్వడం, పాట పాడడం లాంటివి. చేయనంటే బలవంతం లేదు. అన్నయ్య అవడం వాడు ఒప్పుకుని చేరిన ఉద్యోగం కాదు కదా.

ఆరో వారం దగ్గర కాస్త ఓపిక దాచుకో. పసిపిల్లల ఏడుపు మొదటి వారాల్లో పెరుగుతూ వచ్చి సుమారు ఆరు వారాలప్పుడు పతాక స్థాయికి చేరి, మూడో నెల నుంచి తగ్గుతుంది. అమెరికా పిల్లల డాక్టర్ బ్రాజెల్టన్ 1962లోనే ఈ లెక్క రాసి పెట్టారు. ఎవరి పెంపకం తప్పూ కాదది. చూడ్డానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయేదీ, మీవారు మళ్లీ పనిలో పడేదీ, బాబు సహనం అయిపోయేదీ దాదాపు ఆ రోజుల్లోనే. సాయానికి రాగలిగినవాళ్లు ఇద్దరుంటే ఒకరిని ఆ నెల కోసం అట్టేపెట్టుకోండి. మూడు నెలల్లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్, లేదా ఆ పైన జ్వరం ఉంటే మాత్రం ఏ వేళైనా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బాబు జ్వరానికి ఇంట్లో వేసే మందు, చూద్దాంలే అన్న ధీమా ఇక్కడ పనికిరావు.

ఇక నీ సంగతి. రెండో బిడ్డని ఇలాగే ప్రేమించగలనా అన్నావు. నేను కూడా రాత్రిళ్లు అదే అనుకుని ఏడ్చాను. నిజం చెప్తున్నాను, మొదటి రోజున నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. బిడ్డ ఆరోగ్యంగా ఉందని నిశ్చింత, ఒంటి నిండా అలసట, పెద్దదాని మీద బెంగ. చిన్నదాని మీద ప్రేమ ఒక్కసారిగా ముంచుకు రాలేదు. పాలిస్తూ, తుడుస్తూ, అర్ధరాత్రి దాని ముఖం చూస్తూ కూర్చోగా కూర్చోగా ఎప్పుడో వచ్చింది. ఏ రోజన్నది నాకే తెలియదు. ఆలస్యంగా వచ్చిందని తర్వాత తక్కువేమీ కాలేదు. నీకు మొదటి క్షణంలోనే రావొచ్చు, రాకపోతే భయపడకు. బాబుతో నీకున్నది మూడేళ్ల పరిచయం. పుట్టబోయే బిడ్డతో ఇంకా ముఖపరిచయమే కాలేదు.

కాన్పయిన మూడు నాలుగు రోజులకి ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాల్లోపు తగ్గిపోవాలి. తగ్గకపోయినా, నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆశ లేకపోయినా, నీకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అది జబ్బు. చికిత్స ఉన్న జబ్బు. కాన్పయిన ప్రతి వంద మంది తల్లుల్లో సుమారు 13 మందికి మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్, వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. 1987 నుంచీ డాక్టర్లు వాడుతున్న ఎడిన్‌బరో ప్రశ్నావళి ఒకటుంది. పదే పది ప్రశ్నలు, ఐదు నిమిషాల్లో అయిపోతాయి. అడిగి మరీ చేయించుకో. ఇప్పుడే, కాన్పుకి ముందే, నీకు రోజూ ఏడుపు వస్తోందంటున్నావు. అది బాబు మీద బెంగ ఒక్కటే కాకపోవచ్చు. వచ్చే చెకప్‌లో బీపీ, బరువు చూడడం అయ్యాక వెంటనే లేచి వచ్చేయకుండా, ‘నాకు రోజూ ఏడుపొస్తోంది డాక్టర్’ అని ఆ ఒక్క మాట చెప్పిరా. మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకో, ఆయన వినడం అవసరం.

రోజుకి పది నిమిషాలు, ఫోన్ పక్కన పడేసి, బాబు చెప్పిన ఆట వాడు చెప్పినట్టు ఆడు. దానికి వాణ్నే ఒక పేరు పెట్టమను. ఇప్పటి నుంచీ అలవాటైతే పాప వచ్చాక కూడా ఆ పేరుతో వాడు నిన్ను అడిగి తీసుకోగలుగుతాడు. మా పెద్దది దానికి ‘తలుపు టైమ్’ అని పేరు పెట్టింది, గది తలుపు దగ్గరగా వేసి ఆడుకునేవాళ్లం కాబట్టి. ఇరవై ఏళ్లు దాటాక కూడా ఏదైనా చెప్పుకోవాలనిపిస్తే వచ్చి తలుపు దగ్గరగా వేసేది.

తీరిక దొరికినప్పుడు, ఎన్ని నెలలకైనా సరే, బాబు పాపని చూసి మొదట ఏమన్నాడో నాకు రాయి. ఆటకి వాడు ఏం పేరు పెట్టాడో కూడా.